మట్టికి కాయితం

(డిసెంబరు 17 పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల క్రితం మన కార్యదర్శిగారు ఫోన్ చేసి, "రిటైరయ్యాక మీరేదో మట్టిపని మొదలుపెట్టారట, దాని గురించి ఓ పావుగంట చెప్పండి" అన్నారు. నాకు ముందు మాట్లాడిన మిత్రులు కరువు భత్యం బకాయిల గురించి, ఆసుపత్రి బిల్లుల గురించి చెప్పారు. అవి అందరికీ కావలసిన సంగతులు. వాటి తర్వాత బురద గురించి వినమనడం మీ ఓపికను పరీక్షించడమే. అయినా బల్ల మీద మూడు వస్తువులు పెట్టాను. తడిగుడ్డలో చుట్టిన మట్టిముద్ద ఒకటి, తెల్లటి గుంటలు పడిన కుండ ఒకటి, ఎర్రగా కాలిన మూకుడు ఒకటి. నా మాటలు విసుగనిపిస్తే వాటిని చూస్తూ కూర్చోండి.

1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పింఛను ఎవరి దయా కాదు, అది మన హక్కు అని చెప్పింది. అందుకే ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. ఆ హక్కు ఉండి కూడా, ఏటా మనం బతికే ఉన్నామని కాయితం ఇచ్చుకోవాలి. మొన్న నేను యంత్రం మీద వేలు పెడితే ముద్ర పడలేదు. నాలుగు వేళ్లు మార్చినా పడలేదు. అక్కడి కుర్రాడు నా చెయ్యి తిప్పి చూసి, "ఏం పని చేస్తారండి, గీతలే కనపడట్లేదు?" అని అడిగాడు. మట్టి పిసికి పిసికి అరిగిపోయాయి నాయనా అన్నాను. నమ్మలేదు. చివరికి ఎడమచేతి చిటికెనవేలు నన్ను బతికించింది.

ఆ రోజు ఆ కుర్చీలో కూర్చుని ఉంటే నాకు నవ్వూ వచ్చింది, ఇంకోటీ గుర్తొచ్చింది. నేను ఒకప్పుడు ఒక మనిషిని మట్టికి కాయితం అడిగాను. ముందు ఆ సంగతి చెప్పకుండా కుండల సంగతి చెప్పడం న్యాయం కాదు.

1995 మే నెల. అప్పటి తూర్పు గోదావరి జిల్లాలో, ఇప్పుడు కోనసీమ అంటున్న డెల్టాలో, ఒక మండలంలో నేను రెవెన్యూ ఇన్‌స్పెక్టరును. ఊరి పేరు చెప్పను. వైనతేయ పాయ ఒడ్డు ఊరు అనుకోండి, చాలు. ఏటిగట్టు పాదం దగ్గర ఎవరో మట్టి తవ్వేస్తున్నారని ఒక అర్జీ వచ్చింది. 1986 ఆగస్టు వరదను చూసినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. గట్లు తెగి కోనసీమ మునిగిన రోజులవి. ఆ తర్వాత చాలా ఏళ్లు 'ఏటిగట్టు' అన్నమాట వింటేనే మాకు గుండె దడ. కాబట్టి అర్జీని పట్టించుకోవడంలో తప్పు లేదు.

ఆ సాయంత్రమే స్కూటరు వేసుకుని గట్టు మీద వెళుతుంటే ఎదురుగా ఒంటెద్దు బండి వచ్చింది. బండి నిండా మట్టి. ముందు ఒక కుమ్మరి, నలభై అయిదేళ్లుంటాయి, ఎద్దును పట్టుకుని నడుస్తున్నాడు. వెనక ఆయన భార్య. మట్టి మీద పదేళ్ల కుర్రాడు కూర్చుని ఉన్నాడు. బండి ఆపించి, "పర్మిట్ ఏది?" అన్నాను.

"మట్టికి కాయితమేంటండి బాబుగారూ? ఏరు తెచ్చింది, నేను ఎత్తుకున్నాను" అన్నాడాయన.

అందులో వెటకారం లేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. అది నాకు ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం నలుగురూ చూస్తుండగా కుమ్మరి నాకు ఎదురు చెప్పాడనిపించింది. మట్టిని గట్టు మీదే దింపించాను. పంచనామా రాశాను. అందులో 'ఏటిగట్టు పాదం వద్ద తవ్విన మట్టి' అని రాశాను. ఆ మట్టి ఎక్కడిదో నేను చూడలేదు. వెళ్లి చూడటానికి పట్టేది పది నిమిషాలు. సందె వేళయింది, బట్టలకు బురదవుతుందనుకున్నాను. చూడనిది చూసినట్టు రాసి సంతకం పెట్టాను.

సర్వీసులో ముప్పై ఏడేళ్లు పనిచేశాను. చేతులు తడుపుకోలేదని పది మందిలో చెప్పుకోగలను. ఆ ఒక్క వాక్యం మాత్రం నా చేతిరాతలోనే ఉంది.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. ఆయన మూడుసార్లు ఆఫీసుకు తిరిగాడు. నాలుగోసారి వంద రూపాయలలోపు జరిమానా కట్టాడు. ఈలోగా రెండు వేసవి వానలు పడి గట్టు మీది మట్టి కొంత రోడ్డు పాలు, కొంత కాలువ పాలయింది. ఆ నెల ఆయన ఆవం కాలలేదు. అది పెళ్లిళ్ల వైశాఖం. అరివేణి కుండలు కుమ్మరింటి నుంచే మేళతాళాలతో తెచ్చుకోవాలి కదా. ఆ ఊళ్లో పెళ్లివారు పొరుగూరి నుంచి తెచ్చుకున్నారు. ఒకసారి పొరుగూరు అలవాటైన ఇల్లు మళ్లీ వెనక్కి రాదు. ఆ కుటుంబం చక్రం ఆగిపోవడానికి నేనొక్కణ్ణే కారణమని చెప్పను. స్టీలు బిందె, ప్లాస్టిక్ బిందె, ఫ్రిజ్ వచ్చి చెయ్యవలసింది చేశాయి. నేను వాటికన్నా ముందు వెళ్లాను, అంతే.

నేను 2008లో రిటైరయ్యాను. 2009లో మా రెండో అమ్మాయి పెళ్లి కుదిరింది. సంబంధం ఆ పక్క ఊరే. మా ఆవిడ "ఏవండీ, అరివేణి కుండలు బజార్లో కొన్నవి వద్దు, కుమ్మరింటి నుంచే రావాలి" అని పట్టుబట్టింది. విచారిస్తే ఆ చుట్టుపక్కల ఇంకా సారె తిప్పుతున్న ఇల్లు ఒక్కటే ఉందన్నారు. వెళ్లాను. నన్ను చూడగానే ఆయన లేచి, "స్కూటరు బాబుగారు కదండీ" అన్నాడు.

నా కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఆయన మాత్రం పీట వేశాడు, కొబ్బరి బొండం కొట్టించాడు, ఎన్ని కుండలు, ఏ తిథికి అని అడిగాడు. ధర చెప్పాడు. పైసా పెంచలేదు, పైసా తగ్గించలేదు. బియ్యం, బట్టలు, దక్షిణ ఆనవాయితీ ప్రకారం ఇవ్వమన్నాడు. లేచి వచ్చేస్తుంటే గుమ్మం దగ్గర ఆగి, "ఆ మట్టి గట్టుది కాదండి" అన్నాడు. పద్నాలుగేళ్లు దాచుకున్న మాట అదొక్కటే.

నేను క్షమించమని అడగాలి. నోట మాట రాలేదు. "మరెక్కడిదో చూపిస్తావా?" అన్నాను. "పెళ్లి కానివ్వండి. ఆ తర్వాత వేకువన రండి, ఎండెక్కితే మీరు ఆగలేరు" అన్నాడు. అలా మొదలైంది నా మట్టిపని.

పెళ్లి అయిన వారానికి వెళ్లాను. గట్టు దిగి, కొబ్బరితోట దాటి, లంకలోకి నడిపించాడు. గట్టు నుంచి రెండు ఫర్లాంగుల పైనే ఉంటుంది. అక్కడ పాత పాయ ఒకటి పూడిపోయి పళ్లెంలా గుంట మిగిలింది. ఆ గుంట ఒడ్డున నిలబడి "ఇదండి" అన్నాడు.

మట్టి ఎక్కడ దొరుకుతుందో ఆయన చెప్పింది, నేను ఆ తర్వాత చదువుకున్నది కలిపి చెబుతాను. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరం కొండల్లో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి మన దగ్గరికి వస్తుంది. దారిలో దక్కన్ నల్లరేగడి నేలలు కడుక్కుంటూ వస్తుంది. జూలైలో ఎర్రనీరు వచ్చినప్పుడు ఆ నీటిలో అదీ ఉంటుంది. నీరు జోరుగా ఉన్నచోట ఇసుక మాత్రమే దిగుతుంది, ఎందుకంటే అది బరువు. జోరు తగ్గినచోట తువ్వ దిగుతుంది. నీరు కదలకుండా రోజుల తరబడి నిలిచినచోటే బంకమట్టి దిగుతుంది. పిండి కన్నా సన్నటి రేణువులు అవి, దిగడానికి తీరిక కావాలి. కాబట్టి మంచి మట్టి కావాలంటే ఏరు ఎక్కడ పరుగెత్తిందో కాదు, ఎక్కడ కూర్చుందో చూడాలి. ఆయన మాటల్లో, "ఏరు కునుకు తీసిన చోటండి".

వరద తీసిన తర్వాత ఆ గుంటలో బురద ఆరి పెంకుల్లా బీటలు తీస్తుంది. పెంకులు అంచులు పైకి లేచి గిన్నెల్లా వంకర తిరిగితే పైపొర బాగా సన్నటిదని గుర్తు. బీట చెయ్యి పట్టేంత వెడల్పుంటే ఆ మట్టి మరీ జిగురు. ఒక్కదానితోనే చేస్తే కుండ ఎండేటప్పుడు పగులుతుంది. ఆయన గుంట నడుమ నుంచి రెండు తట్టలు, అంచు నుంచి కొంచెం తువ్వ కలిసింది ఒక తట్ట తీశాడు. "ఇది కండండి, అది ఎముక" అన్నాడు.

పైన జానెడు మట్టి పక్కకు తీసేశాడు. అందులో గడ్డివేళ్లు, పేడ, ఆకులు ఉంటాయి. దాని కింద బూడిద రంగులో, కత్తితో కోసిన జున్నులా నిగనిగలాడే పొర వచ్చింది. చిన్న ముద్ద తీసి అరచేతుల మధ్య పెన్సిలు లావు తాడుగా పేని నా చూపుడువేలికి చుట్టాడు. ఎక్కడా చిట్లలేదు. పక్కనున్న ఇంకో మట్టితో నన్ను చెయ్యమన్నాడు. సగం చుట్టేసరికి తెగింది. "అది ఇటుకకి పనికొస్తుంది, కుండకి కాదు" అన్నాడు. ఈ పరీక్షకు ఖర్చు లేదు, చదువు అక్కర్లేదు. మన పిల్లలకు సెలవుల్లో చూపించవచ్చు. ఇంకా నమ్మకం కుదరకపోతే గాజు సీసాలో గుప్పెడు మట్టి, నిండా నీళ్లు పోసి బాగా కుదిపి పెట్టండి. నిమిషంలో ఇసుక అడుక్కి చేరుతుంది. తర్వాత తువ్వ. మర్నాటికి దాని మీద మీగడలా పేరుకున్నదే బంకమట్టి.

తవ్వే పద్ధతిలో ఆయనకు కొన్ని నియమాలుండేవి. నిలువు ఒడ్డు కిందికి సొరంగంలా తవ్వకూడదు, కూలితే మనిషి పోతాడు. ఒకే చోట మోకాలి లోతు దాటకూడదు. తీసిన పైపొర మళ్లీ గుంటలోనే వెయ్యాలి. గట్టుకు దగ్గరగా గునపం దించకూడదు. ఈ చివరి మాట చెబుతూ నా మొహం చూడలేదు. "మా ఇల్లూ గట్టు లోపలే ఉందండి, గట్టు తెగితే మునిగేది మేమేగా" అన్నాడు. నేను పంచనామాలో ఏ నేరం రాశానో, ఆ నేరం చెయ్యకుండా ఆ ఇంటివాళ్లు తాతల నాటి నుంచి జాగ్రత్త పడుతున్నారు. మళ్లీ జూలైలో వరద వచ్చి ఆ గుంట పూడ్చేది. తీసిందంతా ఏరే మళ్లీ పోసేది. నేను లెక్కలు రాసిన ఏ ఖాతాలోనూ ఇంత చక్కగా జమాఖర్చు సరిపోయింది లేదు.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. రెండేళ్లు ఆయన వెంట తిరిగాక నాకే తెలుసుననిపించింది. ఒక రోజు ఒంటరిగా, మొగ వైపు, అంటే పాయ సముద్రంలో కలిసే వైపు వెళ్లాను. అక్కడ పోటు తీసిన ఒడ్డున మట్టి వెన్నలా ఉంది. వేలికి చుడితే చిట్లలేదు. సంచి నింపుకుని వచ్చి ఒక కుండ చేశాను. ఎండాక దాని మీద తెల్లగా ఉప్పు పేరింది. తుడిచేసి కాల్చాను. ఆవం నుంచి తీసినప్పుడు బాగానే ఉంది, ఖణేల్‌మంటోంది. మా ఆవిడకు చూపించి గొప్పలు పోయాను. మూడో రోజు రాత్రి వంటింట్లో టప్ మని చప్పుడు. పిల్లి అనుకున్నాం. పొద్దున చూస్తే కుండ మీద రూపాయి బిళ్లంత పెచ్చు ఊడి, గుంటలో తెల్లటి చుక్క. వారంలో పది పన్నెండు పెచ్చులు లేచాయి. బల్ల మీద ఉన్నది అదే.

ఆయన దగ్గరికి తీసుకెళితే గుంటలో వేలు పెట్టి నాలుకకు రాసుకుని, "సున్నం బట్టీ పెట్టారేంటండి బాబుగారూ!" అని పడీ పడీ నవ్వాడు. మొగ దగ్గరి మట్టిలో నత్తగుల్లల ముక్కలుంటాయి. మన కోనసీమలో గుల్లసున్నం ఎలా కాల్చేవారో పెద్దలకు తెలుసు. ఆవంలో వేడి ఎనిమిది వందల డిగ్రీలు దాటితే గుల్లముక్క సున్నమైపోతుంది. తర్వాత గాలిలోని తేమ పీల్చుకుని ఉబుకుతుంది. ఉబికితే కుండ పెచ్చు ఎగరక ఏం చేస్తుంది? ఆవం నుంచి తీసీ తీయగానే నీళ్లలో ముంచి ఉంచితే కొంత గట్టెక్కవచ్చునట. అసలు మందు మాత్రం సన్నటి జల్లెడే. ఉప్పుకు మందు ఆ ఒడ్డుకు వెళ్లకపోవడమే.

ఇంటికి తెచ్చిన మట్టిని ఏం చెయ్యాలన్నది అడుగుతారేమో. వెంటనే నానబెట్టకూడదు. తడి మట్టి నీళ్లలో వేస్తే ముద్ద ముద్దగానే ఉంటుంది. ముందు ఎండలో రాయిలా ఎండనిచ్చి, చిన్న ముక్కలుగా కొట్టి అప్పుడు నీళ్లలో వెయ్యాలి. ఎండిన ముక్క బుడగలు వదులుతూ మీ కళ్లముందే పొడై కూలిపోతుంది. నాకు ఇప్పటికీ అది చూడటం సరదా. మర్నాడు కలియబెట్టి జల్లెడ పట్టి, పేరుకున్నాక పైనీరు వంచేసి, పాత పంచెలో పోసి నీడను ఆరనివ్వాలి. పిండి ముద్దలా అయ్యాక కాళ్లతో తొక్కాలి. తొక్కేటప్పుడు అరికాలికి తగిలిన ప్రతి రాయీ, ప్రతి పుల్లా ఏరెయ్యాలి. తడి గోనె కప్పి రెండు మూడు వారాలు మాగనిస్తే సాగే గుణం పెరుగుతుంది. కొంచెం వాసన వస్తుంది. మా ఆవిడ ఆ విషయంలో ఇప్పటికీ రాజీ పడలేదు, నా మట్టి పెరటి గోడ అవతలే.

నాకు మోకాళ్ల నొప్పులు, సారె ముందు కూర్చోలేను. అందుకని చేతితోనే చేస్తాను. మట్టిని తాళ్లుగా పేని చుట్టు మీద చుట్టు పేర్చి, లోపల ఒక చెయ్యి ఆనించి బయట చెక్కతో తట్టడం. ఒక పూటకు ఒక మూకుడు. పని తెలిసినవాళ్లు ఆ టైములో పాతిక చేస్తారు. ఉద్యోగం బుద్ధి పోదు కాబట్టి ప్రతి కొత్త మట్టితోనూ ఒక బిళ్ల చేసి, స్కేలు పెట్టి సరిగ్గా పది సెంటీమీటర్ల గీత గీసి, ఎండి కాలాక మళ్లీ కొలుస్తాను. లంక గుంట మట్టి పది నుంచి తొమ్మిదికి వచ్చింది. అంటే శేరు పట్టే గిన్నె కావాలంటే శేరున్నరకు కాస్త తక్కువ పట్టేలా చెయ్యాలి, ఇంకాస్త పెద్దదిగా చేసినా నష్టం లేదు. ఈ కొలత ఆయనకు చెబితే, "మా అయ్య బొటనవేలంత ఎక్కువ చెయ్యమనేవాడండి" అన్నాడు.

కాల్చడం ఆయన ఆవంలోనే. పిడకలు, గడ్డి, కొబ్బరి డొక్కలు. మొదటి గంటలు సన్నటి సెగ మాత్రమే, ఎందుకంటే మట్టిలో మిగిలిన తడి ఒక్కసారిగా ఆవిరైతే కుండ పేలుతుంది. వేడి ఆరు వందల డిగ్రీలు దాటాక ఆ మట్టి ఇక ఎన్ని నీళ్లలో వేసినా మళ్లీ మట్టి కాదు. బూడిద రంగు మట్టి ఎర్రగా రావడం అందులోని ఇనుము వల్ల. గాలి ఆడితే ఎరుపు, గాలి అందకుండా పొగ పట్టిస్తే నలుపు. మట్టి ఒక్కటే.

ఇక కాయితం సంగతి. రిటైరయ్యాక తీరికగా చట్టాలు చదివాను. సర్వీసులో చదవవలసింది. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టంలో మామూలు బంకమట్టి కూడా చిన్న ఖనిజమే, గ్రావెల్, ఇసుకల సరసన ఉంది. 1966 నుంచి మన రాష్ట్రానికి దాని మీద నియమాలున్నాయి. కాబట్టి 1995లో నేను అడిగిన ప్రశ్నకు పుస్తకంలో చోటు లేదని అనను. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చిన్న ఖనిజాల లీజులకు, విస్తీర్ణం ఎంత తక్కువైనా, పర్యావరణ అనుమతి ఉండాలంది. ఆ తర్వాత 2016 జనవరి 15న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ అనుమతి ఎవరికి అక్కర్లేదో దానికి అనుబంధంగా ఒక జాబితా ఉంది. అందులో మొట్టమొదటిది, కుమ్మరులు తమ ఆచారం ప్రకారం కుండలు, దీపాలు, బొమ్మల కోసం చేతితో తీసుకునే మామూలు మట్టి, ఇసుక. మిత్రులు దీన్ని ఎక్కువగా అర్థం చేసుకోకూడదు. అది పర్యావరణ అనుమతి వరకే మినహాయింపు. భూమి ఎవరిది, గట్టు ఎంత దూరం అన్న ప్రశ్నలు వాటి చోట అవి ఉంటాయి. అయినా అంత పెద్ద కాయితంలో 'చేతితో' అని, 'ఆచారం ప్రకారం' అని ఎవరో గుర్తుపెట్టుకుని రాశారు. పెద్ద యంత్రాలతో తీసుకెళ్లేవాళ్ల దగ్గర కాయితాలు ఎప్పుడూ సక్రమంగానే ఉంటాయి. తట్టతో తీసుకెళ్లేవాడి దగ్గరే ఉండవు. నా అనుభవంలో చూసింది చెబుతున్నాను.

ఆ నోటిఫికేషన్ అచ్చు తీయించి, ఆ పేరా కింద ఎర్రసిరాతో గీత గీసి, తెలుగులో అర్థం రాసి పట్టుకెళ్లాను. ఆయనకు అప్పటికి చూపు తగ్గింది. మొత్తం చదివి వినిపించాను. విని, "బాగుందండి" అన్నాడు. కాసేపటికి, "కాయితం వచ్చింది. ఎత్తేవాడేడీ?" అన్నాడు. కొడుకు ఆటో కొనుక్కున్నాడు. అదే, ఆ రోజు మట్టి మీద కూర్చున్న కుర్రాడు.

ఆ సాయంత్రమే నేను అసలు సంగతి చెప్పాను. పంచనామాలో ఏం రాశానో, చూడకుండా రాశానని చెప్పాను. ఆయనకు చదువు రాదు, తాను వేలిముద్ర వేసిన కాయితంలో ఏముందో ఆయనకు ఇరవై ఒక్కేళ్లుగా తెలియదు. గట్టు తవ్వానని రాశారా అని రెండుసార్లు అడిగాడు. అవునన్నాను. మట్టి పోయినందుకు, జరిమానాకు పడని బాధ ఆ మాటకు పడ్డాడు. "మా అయ్య పేరు కూడా ఉందాండి అందులో?" అన్నాడు. తండ్రి పేరు రాయకుండా పంచనామా ఉండదు కదా. ఉందన్నాను. ఆ తర్వాత రెండు నెలలు ఆయన నాతో మట్టికి రాలేదు. నేను వెళితే ఇంట్లో లేనని చెప్పించాడు.

ఆ పాత ఫైలు కోసం ప్రయత్నించాను. అలాంటి కాయితాలు గడువు తీరాక తీసేస్తారు, అదీ పోయింది. దిద్దడానికి ఇక కాయితం లేదు. అందుకని తెల్లకాగితం మీద, నేను ఫలానా తేదీన రాసింది చూడకుండా రాసిందని, ఆ మట్టి గట్టుది కాదని, లంక గుంటదని రాసి, సంతకం చేసి, ఆయనకు పంపాను. దానికి చట్టంలో ఏ విలువా లేదు, ఆ సంగతి మీ అందరికన్నా నాకే ఎక్కువ తెలుసు. మూడో రోజు కొడుకు ఆటో వేసుకుని వచ్చి, "నాన్న రమ్మంటున్నాడండి, ఆవం పెడుతున్నాడు" అన్నాడు.

ఆయన 2019లో పోయారు. ఆయన సారె ఆ ఇంటి అరుగు పక్కన వానకు తడుస్తోంది.

పోయిన జనవరిలో మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చి, "తాతయ్యా, మట్టి ఎక్కడ దొరుకుతుందో చూపించు" అంది. లంకకు తీసుకెళ్లాను. గుంట మునుపటిలా లేదు, సగం తోటలో కలిసిపోయింది. మిగిలినచోట నేను పైపొర తీసి, పిల్లకు తాడు పేనడం చూపిస్తున్నాను. గట్టు మీద ఆటో ఆగిన చప్పుడైంది. ఆ అబ్బాయి దిగి, చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి లోపలికి వచ్చాడు. నా చేతిలో ముద్ద తీసుకుని రెండు వేళ్లతో నొక్కి చూసి, "ఇది కాదండి బాబుగారూ, అదిగో, ఆ చెట్టు పక్కది. మా నాన్న అక్కడే తీసేవాడు" అని గునపం అందుకున్నాడు. ఆటోలో ఎవరో బేరం మనిషి హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఈ మట్టిముద్ద ఆ రోజు తెచ్చిందే. చేత్తో పట్టుకు చూడాలనుకునేవారు భోజనాలకు ముందే చూడండి. చేతులు కడుక్కోవడానికి బక్కెట్టు బయట పెట్టించాను.